గుర్రానికి ఉలవలు, మాకు కట్టు

తిరుపతి రైల్వే స్టేషన్ బయట ఇప్పుడు ఆటోలు, కార్లు, కొండ బస్సులు. నేను స్కూలుకు పోయే రోజుల్లో, అంటే 1970ల్లో, అక్కడ జట్కాలు వరుసగా నిలబడి ఉండేవి. ఆ వరుసలో మా నాయన బండి ఒకటి. రైలు దిగిన యాత్రికులను గోవిందరాజస్వామి గుడికో, సత్రాలకో, అలిపిరికో, తిరుచానూరుకో చేర్చడం ఆయన పని. దాని మీదే నాయన, అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు, చెల్లెలు, మా గుర్రం బతికాం. గుర్రాన్ని కూడా ఇంటి మనుషుల్లో కలిపి చెప్పాలి. మా ఇంట్లో రోజూ మొదటి వంట దానిదే.

నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది కాబట్టి దాన్ని చుక్క అని పిలిచేవాళ్ళం. అవ్వ రాత్రిపూట ఉలవలు నానేసేది. అమ్మ తెల్లవారుజామునే లేచి వాటిని పెద్ద సత్తుగిన్నెలో పొట్టు పొయ్యి మీద పెట్టేది. పొట్టు పొయ్యి ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. రేకుడబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి గట్టిగా దట్టించాలి. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీస్తే మధ్యలో గుండ్రటి బొక్క మిగులుతుంది. అడుగున ఉన్న రంధ్రంలో నుంచి చిన్న కట్టెపుల్ల తోసి అంటిస్తే, నిదానంగా గంటలకొద్దీ మండుతుంది. సరిగా దట్టించకపోతే పొట్టంతా కూలి పొగ కమ్ముకుంటుంది. కోతమిషను దగ్గరికి గోతం తీసుకుపోయి పొట్టు తెచ్చే పని నాది, దట్టించే పని తమ్ముడిది. వాడి చెయ్యి మంచిదని అవ్వ నమ్మకం.

ఉలవలు ఉడికాక అమ్మ కట్టు వేరే గిన్నెలోకి వంచుకునేది. చిక్కగా, ఎర్రటి మట్టిరంగులో, ఘాటైన వాసనతో ఉండే నీళ్ళు అవి. ఉలవలు చుక్కకు పోయేవి, కట్టు మాకు. అందులో ఇంత చింతపండు పిసికి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఎండుమిరపకాయలు వేసి తిరగమాత పెడితే ఆ రోజుకు చారు. నూకలు ఉడుకుతుండగా రాగిపిండి పోసి, మూతపెట్టి, తర్వాత సంగటి కట్టెతో అమ్మ గెలికేది. గిన్నె కదలకుండా రెండు కాళ్ళతో అదిమిపెట్టుకుని, నడుం వంచి, ఒక్క ఉండ కూడా మిగలకుండా గెలికేది. ఆ ముద్ద మధ్యలో గుంట చేసి వేడి చారు పోసుకుంటే మాకు పండగే. డబ్బులు కాస్త ఆడిన రోజు చెనక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, కూడా ఉండేది.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఉలవచారును ప్రత్యేకంగా వడ్డిస్తున్నారు, హోటళ్ళలో మంచి ధర పెట్టి అమ్ముతున్నారు. చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ వాళ్ళు చారు కోసమే ఉలవలు ఉడికిస్తారు. మా ఇంట్లో మాత్రం గుర్రం తిండిలోంచి వచ్చింది మేము తినేవాళ్ళం. అది తక్కువ తిండి అని మాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ గిన్నె దించుతూ "ముందు దానికి పెట్టొచ్చి కూర్చోండిరా, అది తోలుకొస్తేనే మనకు" అనేది, అంతే.

మేముండేది కొర్లగుంట వైపు, వరుసగా కట్టిన ఇళ్ళలో ఒక గది, ముందు వసారా. వసారా పక్కన రేకుల కింద చుక్క. బాడుగిల్లు. ఒకటో తారీఖు వస్తే ఇంటామె వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆమెకు ఆ బాడుగలే ఆధారం. మా దగ్గర లేనప్పుడు అమ్మ గొంతు చిన్నదైపోయేది. నాకు ఆ గొంతు వింటే కడుపులో తిప్పినట్టయ్యేది. అలాంటి ఒక సాయంత్రం నేను మొహం మాడ్చుకుని కూర్చుంటే అవ్వ దగ్గరికి పిలిచింది.

"ఏందిరా అట్ల కూచున్నావ్? బాడుగింట్లో ఉండేది మనమొక్కరమేనా? కొండమీద సామి ఉండేది ఎవరి జాగాలో అనుకున్నావ్?"

అప్పుడు చెప్పింది. శ్రీనివాసుడు కొండకు వచ్చేసరికి అది వరాహస్వామి చోటు. ఉండడానికి కాస్త చోటు ఇవ్వమని అడిగాడు. చేతిలో రూకలు లేవు. అందుకని నీకే మొదటి పూజ, మొదటి నైవేద్యం, నన్ను చూడవచ్చేవాళ్ళకు నీదే మొదటి దర్శనం అని ఒప్పుకున్నాడు. అందుకే పుష్కరిణి పక్కన వరాహస్వామిని చూశాకనే పెద్ద గుడికి పోవాలి. "సామే బాడుగ ఇస్తా ఉండాడు ఈ పొద్దుటికీ. మనం ఇస్తే తలొంపేముండాది? లేనప్పుడు లేదని చెప్తాం, ఉన్నప్పుడు ఇస్తాం."

స్వామివారి అప్పు సంగతి తిరుపతిలో పుట్టిన ఏ బిడ్డకూ కొత్త కాదు. పద్మావతమ్మతో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, హుండీలో పడేదంతా వడ్డీకే పోతోంది, అందుకే వడ్డికాసులవాడు. ఈ కథను పురాణంగా చెప్పేవాళ్ళు వేరు. మా అవ్వ ఇరుగింటి మనిషి కష్టాన్ని చెప్పినట్టు చెప్పేది. శెట్టి అంగట్లో బాకీ పెరిగిందని నాయన దిగులుపడితే, "ఆయనకంత అప్పుండి కూడా నిలబడే ఉండాడు చూడు, కూచోలేదు కదా" అనేది. నాయన నవ్వేసేవాడు. ఆ నవ్వు కోసమే అనేదో, నిజంగా నమ్మి అనేదో. నమ్మే అనేదని నేననుకుంటాను.

అవ్వకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఓటికుండది. కొండ కింద ఒక కుమ్మరి ఉండేవాడట. పూలు కొనే స్తోమత లేక మట్టితోనే పూలు చేసి పూజ చేసేవాడట. తొండమాన్ చక్రవర్తి ఇచ్చిన బంగారు పూల పక్కన ఆ మట్టి పూలు స్వామి పాదాల దగ్గర కనిపించాయట. గర్భగుడి గడప, కులశేఖరపడి, దాటి స్వామి ముందుకు పోయేది ఇప్పటికీ ఓటికుండలో పెట్టిన పెరుగన్నమే. లడ్డూ, వడ, పులిహోర అన్నీ ఆ గడపకు ఇవతలే. మా ఇంట్లో నోరు పగిలిన కుండ ఒకటుండేది. దాన్ని పారేస్తానని అమ్మ అంటే అవ్వ ఒప్పుకునేది కాదు.

మాకు నెల జీతం లేదు కాబట్టి దేవుడి పంచాంగమే మా లెక్క. సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెలలో అరవ యాత్రికులు పోటెత్తి వస్తారు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు నాయనకు తిండి తినే తీరిక ఉండదు. కార్తీకంలో కపిలతీర్థానికి స్నానాలకు పోయేవాళ్ళు, ఆ నెలలోనే తిరుచానూరు పంచమి తీర్థం. ముక్కోటి, రథసప్తమి. ఈ రోజుల్లో అమ్మ బాకీలు తీర్చేది, చెల్లెలికి గౌను గుడ్డ కొనేది. ఇబ్బందంతా జూన్‌లో. బడి తెరుస్తారు, పుస్తకాలు కావాలి, చేతిలో ఏమీ ఉండదు. పై తరగతికి పోయిన పిల్లల దగ్గర సగం ధరకు పాత పుస్తకాలు తీసుకుని, గోధుమరంగు కాగితం అట్టలు వేసి, అన్నం మెతుకులతో అంటించుకునేవాళ్ళం. ఆ అట్టలు వేసే రోజు నాయన కూడా మాతో కూర్చునేవాడు. ఆయనకు చదువు రాదు. మూలలు మడవడం మాత్రం మాకంటే ఆయనకే బాగా వచ్చు.

నాయన చుక్కను కొట్టడం నేను చూడలేదు. చేతిలో చెర్నాకోల ఉండేది గాని, దాని కర్రను తిరిగే చక్రం ఆకులకు తగిలించేవాడు. టకటకమని మోత. ఆ మోతకే చుక్క అడుగు పెంచేది. బండిలో ఎండుగడ్డి పరిచి, పైన గోనెపట్టా వేసేవాడు. మనుషులు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, అప్పుడు "సామీ, కొంచెం ముందుకు జరగండి" అనేవాడు. తెలుగువాళ్ళకైనా, అరవవాళ్ళకైనా, కన్నడం వాళ్ళకైనా, హిందీ వాళ్ళకైనా అదే మాట. అందరినీ సామీ అనేవాడు. అలిపిరిలో దింపాక పాదాల మండపం చూపించి, అక్కడ స్వామి పాదాలు నెత్తిన పెట్టుకుని చుట్టు తిరిగి మెట్లెక్కమని చెప్పేవాడు. చెప్పినందుకు వేరే డబ్బులేమీ లేవు.

పెరటాసి శనివారాల గురించి చెప్పకపోతే మా చిన్నతనం చెప్పినట్టే కాదు. ఆ నెలంతా మా వైపు నీసు ముట్టరు. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి, నుదుట నిలువునామం పెట్టుకుని, చెంబుకు కూడా నామం పెట్టి, తులసి ఆకు వేసి, ఇల్లిల్లూ తిరిగి "గోవిందా... గోవిందా" అని భిక్షం అడగాలి. వాళ్ళు పిడికెడు బియ్యం వేస్తారు. ఆ బియ్యంతో వండి తళిగ వేస్తారు, అంటే స్వామికి నైవేద్యం పెడతారు. ఇందులో లేనివాళ్ళూ ఉన్నవాళ్ళూ అని లేదు. మిద్దెలున్న వాళ్ళ పిల్లలు కూడా చెంబు పట్టుకుని రావాల్సిందే. ఇంట్లో బస్తాలున్నా సరే, ఆ రోజు అడిగి తెచ్చుకున్న బియ్యమే స్వామికి.

ఒక పెరటాసి శనివారం మా ఇంట్లో గింజ బియ్యం లేవు. రాగిపిండి మాత్రం ఉంది. నేనూ తమ్ముడూ నాలుగు వీధులు తిరిగి చెంబు నింపుకుని వచ్చాం. అందులో బట్టలంగడి వాళ్ళింట్లో వేసిన సన్నబియ్యం పైనే ఉన్నాయి. మేము తినే లావు బియ్యంలో అవి తెల్లగా వేరుగా కనిపిస్తున్నాయి. మేం కాళ్ళు కడుక్కునేలోపు వాకిట్లో మళ్ళీ "గోవిందా" అని వినపడింది. చూస్తే ఆ బట్టలంగడి వాళ్ళబ్బాయే. పట్టుపంచె కట్టుకుని, వెండిచెంబు పట్టుకుని నిలబడ్డాడు. నాతోపాటు చదివేవాడు. నాకు గుండె ఆగినంత పనయింది. ఇంట్లో బియ్యం లేవని వాడికి తెలిసిపోతుందని.

అమ్మ ఏమాత్రం తొట్రుపడలేదు. నా చెంబులో చెయ్యిపెట్టి, పైన ఉన్న ఆ సన్నబియ్యమే పిడికెడు తీసి, కళ్ళకద్దుకుని, వాడి చెంబులో వేసింది. వాళ్ళమ్మ వేసిన బియ్యం మా ఇల్లు తిరిగి వాళ్ళింటికే పోయాయి. వాడు వంగి అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు, ఆ రోజు భిక్షం వేసినవాళ్ళకు అలా పెట్టమని వాళ్ళింట్లో చెప్పి పంపారేమో. బట్టలంగడి వాళ్ళబ్బాయి జట్కా తోలేవాడి ఇంటి గడప ముందు వంగి ఉండడం నేను ఇప్పటికీ కళ్ళారా చూస్తున్నట్టే ఉంటుంది. మిగిలిన బియ్యంతో అమ్మ తళిగ వేసింది. పిండిదీపం వెలిగించి అందరం గోవింద కొట్టాం. ఆ అన్నం రుచి చెప్పలేను.

లేమి గొప్పదని నేను అనడం లేదు. చెల్లెలికి జ్వరం వచ్చినప్పుడు మందులకు నాయన అప్పడిగి తిరిగిన రాత్రి నాకు తెలుసు. అది ఎవరికీ రాకూడదు. కానీ మా చుట్టూ ఉన్న మనుషులు, మా అవ్వ చెప్పిన స్వామి, మమ్మల్ని తక్కువ అనుకోనివ్వలేదు. ఆ ఒక్కటి దక్కింది మాకు.

ఆ మనుషుల్లో మొదట చెప్పాల్సింది సాయిబు మామ. నాయన పక్కనే ఆయన బండి. ఆయన కూడా యాత్రికులను ఎక్కించుకునేటప్పుడు గోవిందా అనేవాడు, దింపేటప్పుడు గోవిందా అనేవాడు. ఒకసారి చుక్కకు కడుపునొప్పి వచ్చి లేవలేకపోయింది. వారాలపాటు బండి కట్టలేదు. మామ వచ్చి వసారాలో కూర్చుని, "పొద్దున నేను తోలతా, మద్యాన్నం నుంచి నా బండి నువ్వు తోలు" అన్నాడు నాయనతో. అంటే ఆయన సంపాదనలో సగం మాకు ఇచ్చేసినట్టే. రంజాన్ నెలలో ఆయన ఒక్కపొద్దు ఉంటే నాయన మధ్యాహ్నాలు ఆయన బాడుగలు కూడా తోలి డబ్బులు ఇంట్లో ఇచ్చి వచ్చేవాడు. పండగనాడు వాళ్ళింటి నుంచి సేమియా వచ్చేది, మా తళిగ ప్రసాదం వాళ్ళింటికి పోయేది.

మామ వాళ్ళ అత్తగారిది కడప. ఉగాది రోజు అక్కడి ముస్లింలు దేవుని కడప గుడికి పోయి స్వామిని దర్శించుకుంటారు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని, స్వామి తమ ఇంటి అల్లుడని. ఈ మాట తెలిసినప్పటి నుంచి అవ్వ మామను "నాంచారమ్మ పుట్టింటోడు" అని పిలిచేది. ఆయన వస్తే తానే లేచి నీళ్ళిచ్చేది, అల్లుడింటికి వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు. 1984లో కొండమీద మంగళవారం అష్టదళ పాదపద్మారాధన మొదలైంది. 108 బంగారు పూలతో జరిగే ఆ సేవకు పూలు సమర్పించింది ఒక ముస్లిం భక్తుడు. ఆ సంగతి వినడానికి అప్పటికి అవ్వ లేదు. ఉంటే "పుట్టింటి సారె వచ్చింది" అని వీధంతా చెప్పి వచ్చేది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. గంగమ్మ స్వామికి చెల్లెలని కొండ నుంచి ఆమెకు సారె వస్తుంది. మాకు ఆ వారం రోజులూ ఇంట్లో నిలకడ ఉండేది కాదు. ఒంటినిండా నామంసుద్ద పూసుకుంటే బైరాగి వేషం, కుంకుమ పూసుకుంటే బండ వేషం, బొగ్గుపొడి పూసుకుని వేపమండలు కట్టుకుంటే తోటి వేషం. తోటి వేషం మాకు అన్నిటికంటే ఇష్టం, బొగ్గు ఊరికే దొరుకుతుంది కాబట్టి. ఒంటికి బొగ్గు పూసుకున్నాక ఎవరు ఏ ఇంటి పిల్లాడో తల్లులు కూడా గుర్తుపట్టలేరు.

కొండకు మేమెప్పుడూ మెట్ల దారినే పోయాం. బస్సు డబ్బులు మిగులుతాయని కాదు, అమ్మకు మెట్లపూజ మొక్కు ఉండేది. 3,550 మెట్లు, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ. అమ్మ వంగి బొట్టు పెడుతుంటే చెల్లెలు భరిణె పట్టుకునేది. తలయేరు గుండు దగ్గర అవ్వ నుదురు ఆనించి, తలనొప్పి మళ్ళీ రాకూడదని మొక్కేది. గాలిగోపురం దాటాక దారి చల్లబడుతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర రామానుజులవారు మోకాళ్ళతో ఎక్కారని నాయన చెబితే, అవ్వ అంత వయసులోనూ కొన్ని మెట్లు మోకాళ్ళ మీద ఎక్కింది. నాయన ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. పైకి చేరాక ముందు వరాహస్వామి దర్శనం, తర్వాతే పెద్ద గుడి. స్వామి ముందు నిలబడి అవ్వ ఏమీ అడగలేదు. "బాగుండావా సామీ" అంది. అంతే, జనం ముందుకు తోసేశారు.

ఆటోలు వచ్చాయి. మొదట ఒకటీ అరా, తర్వాత స్టేషన్ బయట వాటి వరుసే పొడుగైంది. యాత్రికులకు తొందర, వాళ్ళను అనేదేముంది. నాయన రోజంతా నిలబడి ఒక్క బాడుగకు వచ్చే రోజులు వచ్చాయి. ఉలవల ఖర్చు కూడా రానప్పుడు చుక్కను చంద్రగిరి వైపు ఒక రైతుకు ఇచ్చేశాడు. తోలుకుపోయే ముందు దాని నుదుటికి కుంకుమ పెట్టాడు. ఇంటికొచ్చి అమ్మతో "ఇన్నాళ్ళు ఆ పని ఇచ్చినాడు, ఇంక వేరే పని ఇస్తాడులే" అన్నాడు. తర్వాత ఒక సత్రంలో వాచ్‌మన్‌గా చేరాడు. బండి లేకపోయినా అలవాటు పోలేదు, అర్ధరాత్రి వచ్చిన యాత్రికుల మూటలు తానే మోసి గది దాకా చేర్చేవాడు. వాళ్ళనీ సామీ అనే పిలిచేవాడు.

మేం చదువుకున్నాం. నాకు ఉద్యోగం వచ్చింది, తర్వాత తమ్ముడికీ వచ్చింది. ఇద్దరం కలిసి తిరుచానూరు దారిలో చిన్న ఇల్లు కట్టించాం. గృహప్రవేశం అయిన మొదటి నెల ఒకటో తారీఖున నాయన పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, పాత ఇంటికి ఇచ్చే బాడుగ ఎంతో అంత డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు. "ఇంక ఎవరికి నాయనా బాడుగ?" అని తమ్ముడు అడిగాడు.

"ఇచ్చే అలవాటు మానుకోవడమెందుకురా" అని కొండ బస్సెక్కి, వరాహస్వామి గుడికి పోయి హుండీలో వేసి వచ్చాడు. ఉన్నన్నాళ్ళూ ప్రతి నెలా అదే చేశాడు. ఆయన పోయాక ఆ పని తమ్ముడు చేస్తున్నాడు. కుదరని నెలల్లో నేను పోతాను. ఊళ్ళో బాడుగలు పెరిగాయి కదా అని అమ్మ ఉగాదికి ఉగాదికి దాన్ని ఇంత పెంచమంటుంది, మేం పెంచుతున్నాం.